పన్నెండో గుడ్డు

పొద్దున్న ఎనిమిదిన్నరకి ఎవుదాల్ వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి ఏడోసారి నడుస్తున్నాడు. చేతుల్లో చెక్కపెట్టె, పెట్టెలో మూడు కిలోల బియ్యం సంచి. డెబ్భై మూడేళ్ళ మనిషి, ఒంటిమీద ఇంకా పైజమానే ఉంది. స్టవ్ మీద కాఫీ పొంగుతోందన్న ధ్యాస కూడా లేదు.

"రెమేయ్, ఇలా వచ్చి ఈ కుర్చీ కాస్త ఊపు."

"ఎందుకూ?"

"పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచుంటాను. నువ్వు రైలు ఊపినట్టు ఊపు."

రెమేయ్ కాఫీ దింపి, తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "గంటకి మూడువందల కిలోమీటర్లు పోయే రైలు ఊపుని నా చేతులతో తెప్పించమంటావా? నా వల్ల కాదు. పైగా అది అసలు ఊగదట. గిలెమ్ చెప్పాడు, గ్లాసులో నీళ్ళు కూడా కదలవని."

"వాడికేం తెలుసు? వాడెప్పుడైనా అద్దం మోశాడా?"

ఇంట్లో ఏ వాదమైనా చివరికి అక్కడికే వస్తుంది. ఎవుదాల్ నలభై రెండేళ్ళు బార్సిలోనా అంతటా కిటికీలకి అద్దాలు బిగించాడు. అన్నేళ్ళలో పగిలినవి రెండే రెండు. ఆ రెండింటిలోనూ తన తప్పు లేదని ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతాడు. ఈ చెక్కపెట్టె కూడా అద్దాల పెట్టె పద్ధతిలోనే చేశాడు. నాలుగు మూలలా ఉన్నిగుడ్డ, భుజానికి తోలుపట్టీ, మూత మీద ఎర్రరంగుతో బాణం గుర్తు, ఏది పైకి ఉండాలో తెలియడానికి.

ఇంత హడావిడీ ఒక కేకు కోసం, బియ్యం దాని బరువుకి బదులు. ఈస్టర్ సోమవారం నాడు జ్ఞానతండ్రి, అంటే జ్ఞానస్నానం నాడు బిడ్డకి అండగా నిలబడ్డ పెద్దమనిషి, తన జ్ఞానబిడ్డకి మోనా ఇవ్వాలి. బాదంపలుకులు అద్దిన గుండ్రటి కేకు, దానిమీద ఒక బొమ్మ కోడిపిల్ల, బిడ్డకి ఎన్నేళ్ళుంటే అన్ని చాక్లెట్ గుడ్లు. పన్నెండేళ్ళు నిండేదాకా ఏటా ఒక గుడ్డు పెరుగుతుంది. పన్నెండుతో సరి, జ్ఞానతండ్రి బాధ్యత తీరినట్టే. ఎవుదాల్ తన మనవరాలు ఇవెత్‌కి తాత మాత్రమే కాదు, జ్ఞానతండ్రి కూడా. ఈ ఏడు ఇవెత్‌కి పన్నెండు నిండాయి.

గుడ్ల లెక్క దగ్గర ఎవుదాల్ ఎవరి మాటా వినడు. ఏడో మోనా నాడు మెట్ల మీద ఒక గుడ్డు చిట్లితే, పిల్ల ముందు పగిలిన గుడ్డు పెట్టనని టాక్సీ కట్టించుకుని మళ్ళీ కొట్టుకి పోయాడు. ఇంటినిండా చుట్టాలు, బల్లమీద అన్నం చల్లారిపోతోంది, ఆయన మాత్రం గంటన్నర తర్వాత ఒక్క గుడ్డు జేబులో పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

కొడుకు గిలెమ్ కుటుంబం పారిస్ వెళ్ళి రెండేళ్ళయింది. వాడక్కడ ఆస్పత్రిలో నర్సు. ఇన్నాళ్ళూ ఈస్టర్‌కి వాళ్ళే వచ్చేవారు. ఈసారి పిల్ల బడికి సెలవులు పండక్కి కలవలేదు, కోడలు సొలేన్‌కీ సెలవు దొరకలేదు. "అయితే మేమే వస్తాం" అన్నాడు ఎవుదాల్ ఫోన్లో, తడుముకోకుండా. టికెట్లు అమ్మకానికి పెట్టిన మొదటిరోజే కొన్నాడు. శనివారం పొద్దున్న బయల్దేరే రైలు, డబుల్ డెక్కర్, పై అంతస్తు.

ఆ సీట్ల గురించే మొగుడూ పెళ్ళాలకి పదిరోజులుగా పోట్లాట.

"కుడివైపు కూచుంటే సముద్రం కనిపిస్తుందన్నావు కదా?" అంది రెమేయ్ కాఫీ కప్పు ముందు పెడుతూ.

"కనిపిస్తుంది. సరిహద్దు దాటాక నీళ్ళ పక్కనుంచే పోతుంది. కొంగలు కూడా ఉంటాయట, గులాబీ రంగువి."

"మరి ఎడమవైపు ఎందుకు తీసుకున్నావు?"

"పొద్దుటి ఎండ కుడివైపు కొడుతుంది. చాక్లెట్ కరిగిపోదూ?"

"నాకు డెబ్భై ఏళ్ళు. జీవితంలో మొదటిసారి ఇంకో దేశానికి రైలెక్కుతున్నాను. ఆరున్నర గంటలు కూచుని నేను చూడాల్సింది పొలాల్లో విద్యుత్ స్తంభాలా?"

"తిరుగు ప్రయాణంలో చూద్దువుగాని. అప్పుడు చాక్లెట్ ఉండదు."

"చాక్లెట్ అయిపోయాకే నాకు సముద్రం. బాగుంది న్యాయం!"

గదిలోంచి కూతురు మిరేయా జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. నలభై నాలుగేళ్ళు, మందుల కొట్లో పని. విడాకులయ్యాక అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది. నోరు కాస్త దురుసు, మనసు మంచిది. అయితే ఆ మనసు కనపడేలోపు నోరే నాలుగుసార్లు గుచ్చుతుంది.

"నాన్నా, విమానంలో రెండు గంటలు లేదు. ఎండా లేదు, కొంగలూ లేవు."

"విమానాశ్రయంలో క్రీమ్ కూడా ద్రవం కింద లెక్కేసి చెత్తబుట్టలో పడేస్తారు. నేను అడిగి కనుక్కున్నాను."

"అడిగావా! బతికారు పాపం వాళ్ళు." మిరేయా రొట్టెముక్క మీద టమాటా రుద్దుతూ నవ్వింది. "పోనీలే, ఈసారితో వదిలిపోతుంది. పన్నెండుతో నీ డ్యూటీ దిగిపోతోందిగా. నా జ్ఞానతండ్రి తోమాస్ మామయ్య పన్నెండో మోనా నా చేతిలో పెట్టి, టోపీ తలమీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించింది అమ్మమ్మ చావులోనే. మొన్న క్రిస్మస్‌కి ఇవెత్‌కి కూడా ఇదే చెప్పాను, దాని మొహం చూడాల్సింది!"

"పొద్దున్నే చావుల మాటలేమిటే" అని రెమేయ్ కసిరింది. తోమాస్ ఆమె తమ్ముడే. ఆ మాట ఎప్పుడొచ్చినా ఆమెకి లోపల ఎక్కడో చురుక్కుమంటుంది.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది.

"నానమ్మా, తాత పక్కన ఉన్నాడా?"

"లేడమ్మా, సాంత్స్ స్టేషన్‌కి వెళ్ళాడు."

"మళ్ళీనా?"

"ఎస్కలేటర్ మీద పెట్టె వొరగకుండా నిలుస్తుందో లేదో చూడాలట. సాయంత్రానికి గానీ రాడు."

అవతల ఇవెత్ నవ్వలేదు. "నానమ్మా, మీరిద్దరూ రండి. కానీ మోనా తేవద్దని తాతకి చెప్పు" అంది.

"అదేమిటే? ఎందుకు?"

"వద్దంతే. నేను చిన్నపిల్లని కాదు. నువ్వే చెప్పు, నేను చెప్పినట్టు చెప్పకు." ఫోన్ పెట్టేసింది.

రెమేయ్ ఫోన్ బల్లమీద పెట్టింది. పిల్ల ఎదిగిపోయింది, అంతే కదా. పారిస్‌లో స్నేహితురాళ్ళ ముందు పసుపుపచ్చ బొమ్మ కోడిపిల్ల పెట్టిన కేకు నామోషీగా ఉంటుంది కాబోలు. అంతవరకు ఆమెకి అర్థమైంది. అర్థం కానిదల్లా ఆ మాట ఎవుదాల్‌తో ఎలా చెప్పాలన్నదే. సాయంత్రం ఆయన చెమటలు కక్కుతూ వచ్చి, "నిలిచింది రెమేయ్! మూడుసార్లు ఎక్కి దిగాను, వెంట్రుకవాసి కూడా జరగలేదు" అన్నప్పుడు ఆమె ఆయనకి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

ఎనిమిది రోజులు ఆ మాట కడుపులోనే దాచుకుంది. మధ్యమధ్య డొంకతిరుగుడుగా ప్రయత్నించింది. ఈసారి పిల్లకి మంచి బూట్లు కొనిద్దామా అంది. వేసవిలో వెళ్తే తీరిగ్గా ఉంటుందేమో అంది. ఎవుదాల్ విన్నట్టే తలూపి, పెట్టె మూలల్లో ఇంకో పొర ఉన్నిగుడ్డ అంటించాడు. చివరికి భారం మోయలేక మిరేయాతో చెప్పుకుంది. చెప్పిన మరుక్షణమే, తప్పు మనిషితో చెప్పానే అని నాలిక్కరుచుకుంది.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం భోజనాల దగ్గర బల్లమీద ఉప్పుచేప, శనగల కూర. ఎవుదాల్ కళ్ళద్దాలు పెట్టుకుని, మడతలు విప్పిన కాగితం చదువుతున్నాడు.

"శనివారం ఆరింటికి లేవడం. ఏడుంబావుకి ఫెలియు కొట్లో మోనా తీసుకోవడం. ఎనిమిదికల్లా స్టేషన్. ఎక్స్‌రే యంత్రంలో పెట్టె పెట్టేటప్పుడు రెమేయ్ అవతలివైపు ముందే నిలబడి ఉండాలి, పట్టుకోడానికి. రైల్లో పెట్టె నా ఒళ్ళో. నాకు ఏదైనా అవసరమొస్తే రెమేయ్ ఒళ్ళో..."

"ఎవుదాల్" అంది రెమేయ్ మెల్లగా. "ఈసారికి మోనా ఇక్కడే వదిలేసి, మనిద్దరమే చేతులూపుకుంటూ వెళ్తే ఏం?"

"జోకా?"

"కాదు. నిజంగానే."

"పన్నెండోది వదిలేసి వెళ్ళమంటున్నావా? పదకొండేళ్ళు ఇచ్చి, పన్నెండోది ఎగ్గొట్టిన జ్ఞానతండ్రి ఈ ఊళ్ళో ఉన్నాడా?"

"అది కాదు, పిల్లలు పెద్దవుతుంటారు కదా, వాళ్ళకీ ఇష్టాలు..."

"చెప్పేయమ్మా ఇంక!" మిరేయా చెంచా ఠక్కున కింద పెట్టింది. "ఆయన ఆ పెట్టె మోసుకుని ఊరంతా తిరుగుతుంటే చూడలేక చస్తున్నాను. నాన్నా, ఇవెత్‌కి మోనా వద్దట. అమ్మకి ఫోన్ చేసి చెప్పింది."

ఎవుదాల్ కళ్ళద్దాలు తీసి, కాగితం పాత మడతల మీదే మళ్ళీ మడిచాడు.

"ఎప్పుడు చెప్పింది?" అని భార్యనే అడిగాడు.

"పోయిన శనివారం."

"ఎనిమిది రోజులు. పెట్టె పట్టుకుని ఎస్కలేటర్ మీద పిచ్చివాడిలా ఎక్కి దిగుతుంటే, తెలిసీ ఊరుకున్నావా? నిన్న కూడా అదనంగా ఇంకో కిలో బియ్యం వేయమంటే నోరెత్తకుండా వేశావే!"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను, ఎవుదాల్."

"నా మొహానికేమైంది? యాభై ఏళ్ళు చూశావు కదా!" ఆయన గొంతు ఒక్కసారిగా లేచి, అంత తొందరగానూ పడిపోయింది. "నువ్వెళ్ళు. కుడివైపు కూచుని నీ సముద్రం చూసుకో. నేను రాను."

పెట్టె తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశాడు. బాణం గుర్తు తలకిందులుగా ఉంది. అది చూడగానే రెమేయ్‌కి ఏడుపొచ్చింది. ఆయన ఎన్నడూ ఏ వస్తువూ తలకిందులుగా పెట్టడు.

సోమవారం ఇంట్లో రేడియో మోగలేదు. మంగళవారం పొద్దున్న ఎవుదాల్ చొక్కా వేసుకుని, "ఫెలియుకి వద్దని చెప్పొస్తాను. పాపం అచ్చుల్లో గుడ్లు పోయడం మొదలుపెట్టకముందే" అని బయటికి నడిచాడు. యాభై ఏళ్ళుగా వింటున్న ఆ మెట్ల మీది అడుగుల చప్పుడు ఆ రోజు రెమేయ్‌కి మరీ నెమ్మదిగా వినిపించింది. ఇంక ఉండబట్టలేక ఫోన్ తీసింది. బడికి వెళ్ళే ముందు పిల్లని పట్టుకోవాలి.

"ఇవెత్, ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. మీ తాత రెండురోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. కేకు నామోషీ అయితే మీ స్నేహితురాళ్ళకి చూపించకు. తాత ముందు ఒక్క గంట నవ్వుతూ తీసుకుంటే నీ సొమ్మేం పోయిందే?"

అవతల వెక్కిళ్ళు వినిపించాయి.

"నామోషీ అని ఎవరన్నారు? నాకు మోనా ఇష్టం. నాకు... నానమ్మా, అది పన్నెండోది."

"అయితే?"

"అదిస్తే అయిపోతుంది కదా! మిరేయా అత్త చెప్పింది. పన్నెండోది ఇచ్చేశాక వాళ్ళ జ్ఞానతండ్రి మళ్ళీ రాలేదట. తాత ఇవ్వకపోతే ఇంకా అవ్వనట్టే కదా? అప్పుడు వచ్చే ఏడు కూడా ఆయన ఇవ్వాల్సిందే కదా?"

రెమేయ్ తల తిప్పి చూసింది. వెనక గుమ్మంలో మిరేయా పళ్ళుతోముకునే బ్రష్షు నోట్లో పెట్టుకుని నిలబడిపోయింది. ఫోన్ స్పీకర్లో ఉంది, అంతా వినేసింది.

"నవ్వించడానికి చెప్పానమ్మా" అంది మిరేయా, ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియనట్టు. "మామయ్య రాకపోతే నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండేళ్ళు ఈస్టర్ సోమవారం బాల్కనీలో నిలబడి ఎదురు చూశాను."

"ముప్పైరెండేళ్ళయింది, ఒక్కసారైనా చెప్పలేదేమే నాకు!" అని రెమేయ్ కూతురి తల ఒక్కసారి గుండెకి అదుముకుని, "ఫోన్ పెట్టకు ఇవెత్, అలాగే ఉండు" అంటూ ఇంటి చెప్పులతోనే మెట్లు దిగింది.

ఫెలియు మిఠాయి కొట్లో ఈస్టర్ వారం రద్దీ. ఎవుదాల్ వరసలో తన వంతు వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడి, మోనా వద్దని అప్పుడే చెబుతున్నాడు. రెమేయ్ జనాన్ని తోసుకుంటూ, "క్షమించండి, క్షమించండి, ప్రాణం మీదికొచ్చింది" అంటూ వెళ్ళి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"మాట్లాడు."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఇప్పుడే."

ఆయన విన్నాడు. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత విప్పుకున్నాయి. తర్వాత ఆయన మెల్లగా తిరిగి, చాక్లెట్ బొమ్మల అద్దాల అల్మారా వైపు మొహం పెట్టుకున్నాడు, వరసలో వాళ్ళెవరికీ కనిపించకుండా. కానీ అద్దంలో రెమేయ్‌కి అంతా కనిపిస్తూనే ఉంది.

"ఓసి పిచ్చితల్లీ" అన్నాడు చివరికి. "కేకు అయిపోతే తాత అయిపోతాడా? ... సరే, ఏడవకు. బడికి వేళయింది. నేను చూసుకుంటాను. ఏడవకన్నానా!"

ఫోన్ ఇచ్చేసి, గల్లాపెట్టె వైపు తిరిగాడు.

"ఫెలియూ, మోనా రద్దు చెయ్యొద్దు. శనివారం ఏడుంబావుకి వస్తాను. పన్నెండు గుడ్లు పొయ్యి. కేకు మీద మాత్రం పదకొండే పెట్టు. పన్నెండోది విడిగా ఇవ్వు."

ఫెలియు చేతిలో రిబ్బను ఆగిపోయింది. "ఎవుదాల్ గారూ, పిల్లకి పన్నెండేళ్ళు కదా? ఒకటి తక్కువ పెడితే పారిస్‌లో మీవాళ్ళు ఏమనుకుంటారు? నా కొట్టు పరువేం కాను? ఏడో ఏడు ఒక్క గుడ్డు కోసం టాక్సీలో వచ్చి నా ప్రాణం తీసింది మీరే కదండీ!"

"నేనే. ఇప్పుడు పదకొండు అంటున్నదీ నేనే."

వరసలో వెనకున్న ఒకావిడ, "ముసలాయనకి లెక్క తప్పినట్టుంది" అని గొణిగింది. గుడ్ల లెక్క గురించి ఆ మాట ఇంకెప్పుడైనా అని ఉంటే అక్కడ యుద్ధమే జరిగేది. ఎవుదాల్ ఆవిడకి టోపీ ఎత్తి దణ్ణం పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం పెట్టె బీరువా దిగింది. బాణం పైకి తిరిగింది. ఏళ్ళ తర్వాత ఎవుదాల్ అటకమీది పనిముట్లు దించి, వజ్రపుమొన కలంతో అద్దం కోశాడు. గీత వంకర పోలేదు. ఐదు అద్దపు ముక్కలు అంటించి, పిడికెడంత పెట్టె చేశాడు. మిరేయా పక్కన కూచుని అంచులకి సానరాయి పట్టింది.

"నాన్నా, సోమవారం నేను తోమాస్ మామయ్య ఇంటికి వెళ్తున్నాను. కేకు పట్టుకుని. ఫోన్ చేస్తే మొదట నన్ను గుర్తుపట్టలేదు, తర్వాత ఏడ్చాడు. ఫోన్లో ఏదో అమ్మేవాళ్ళనుకున్నాడట."

"గుడ్లు ఎన్ని పెట్టిస్తున్నావు?"

"ఒక్కటీ లేదు. అవి బాకీ ఉంచుతాను, చచ్చినట్టు తనే తెస్తాడు." నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

శనివారం పొద్దున్న ఆరింటికి లేచారు, ఏడుంబావుకి మోనా అందుకున్నారు. పన్నెండో గుడ్డు ఇంట్లో అద్దపు పెట్టెలో, అల్మారా మీద, ఇవెత్ జ్ఞానస్నానం ఫోటో పక్కన కూచుంది. ఎనిమిదికల్లా సాంత్స్ స్టేషన్‌లో ఉన్నారు. కాగితంలో రాసినట్టే రెమేయ్ ముందుగా వెళ్ళి ఎక్స్‌రే యంత్రం అవతల చేతులు చాచి నిలబడింది.

అక్కడి కాపలా ఆయన తెరమీద చూసి పెట్టె ఆపాడు. "ఇందులో ఏముంది పెద్దాయనా?"

"మోనా. నా మనవరాలికి. పారిస్‌లో ఉంది."

కాపలా ఆయన మొహం విప్పారింది. మూత కాస్త ఎత్తి, వేలు ముట్టకుండా, అలవాటు కొద్దీ గుడ్లు లెక్కపెట్టాడు. "పదకొండేళ్ళా పాపకి?"

"పన్నెండు."

"అయ్యో, ఒకటి తగ్గిందండీ! రైలుకి ఇంకా టైముంది, పైన కొట్లో దొరుకుతాయేమో చూడండి."

"తగ్గలేదు బాబూ" అన్నాడు ఎవుదాల్, పెట్టె మూత జాగ్రత్తగా వేస్తూ. "ఇంటి దగ్గరుంది. వేసవిలో వచ్చి తీసుకుంటానని అంది. వచ్చినప్పుడు కూడా ఇస్తానో లేదో, మాట ఇవ్వలేదు."

రెమేయ్‌కి కళ్ళు నిండిపోయి, ఎదురుగా వస్తున్న పెట్టె రెండుగా కనిపించింది. అయినా పట్టు తప్పలేదు, రెండు చేతులా అందుకుంది. భర్త తోలుపట్టీ భుజానికి తగిలించుకుని, జేబులోంచి టికెట్ తీసి ఆమెకి ఇచ్చాడు.

"ఇదేమిటి, నంబరు మారింది?"

"నీది మార్చాను. కుడివైపు, కిటికీ పక్కన. నేను నడవకి ఇవతల, నీడలో, దీనితో కూచుంటాను. కొంగలు కనిపిస్తే ఓ కేక వెయ్యి, వచ్చి చూస్తాను."

"పెట్టె ఎవరు పట్టుకుంటారు?"

ఎవుదాల్ ఒక్క క్షణం ఆలోచించాడు. నలభై రెండేళ్ళ అద్దాల మనిషి.

"సీట్లో పెట్టేసి వస్తాలే" అన్నాడు.